నాలుగింటి తోట

ఆగస్టు 12

ఈరోజు ఒక ముసలాయన కుడి ఊపిరితిత్తిలో కప్ప ఉందన్నంత పని చేశాను.

డాక్టర్ తెజో గారు ఎక్స్‌రే చూస్తూ మాట్లాడి పంపినదాన్ని చెవులకు తగిలించుకుని విని టైపు చేయడం నా పని. మూడేళ్ళలో ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఈరోజు పేజీ మూయకుండానే వంటింట్లోకి పరుగెత్తాను, నూనెలో సోయా తెంపే ముక్కలు మాడుతున్నాయి. అప్పటికే నాలుగైంది. నాలుగు నుంచి ఐదు దాకా ఆ కుర్చీ గెందిస్‌ది. ఏడేళ్ళ నా చిన్న కూతురికి ఏ పేజీ తెరిచి ఉందో, వేళ్ళు ఎక్కడ కొడుతున్నాయో ఏం తెలుస్తుంది? నేను వచ్చి, చివర చూసుకోకుండా పంపేశాను. 'గుండె పరిమాణం సాధారణం' అన్న వాక్యం కింద, 'నీ కప్ప నా చెరువులోకి వచ్చేసింది. వచ్చి తీసుకుపో' అని ఉందట.

తెజో గారు ఫోన్ చేసి, "విదర్తి గారూ, కప్పను తీయడానికి సర్జన్ని పిలవమంటారా?" అన్నారు. ఆయన నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వాను. తర్వాత ఆసుపత్రి ఆఫీసు నుంచి హెర్మావాన్ గారు చేశారు. ఆయన నవ్వలేదు.

"ఆ రోగి కొడుకు లాయరమ్మా. కాగితం ఆయన చేతికి వెళ్ళుంటే?"

"తప్పయిపోయిందండి."

"మనుషుల రోగాలు పెట్టుకునే కంప్యూటర్లో పిల్లల ఆటలేంటి? నెలాఖరుకల్లా తీసేయండి. ముప్ఫై ఒకటిన మా వాళ్ళు ఇక్కణ్ణుంచే తెరిచి చూస్తారు. ఇంకా ఉంటే మీకు పని పంపడం నా చేతుల్లో ఉండదు."

అలాగేనండి అన్నాను. కప్ప ఎవరిదని ఆయన అడగలేదు.

ఆగస్టు 13

నా పెద్ద కూతురు వెనింగ్ సూరబాయా వెళ్ళి పద్నాలుగు నెలలు. అక్కడ బడులు బాగుంటాయి. వాళ్ళ నాన్న ఇల్లు బడికి దగ్గర.

ఆగస్టు 17

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, గల్లీలో జెండా పండుగ. దారానికి వేలాడదీసిన అప్పడాన్ని చేతులు వెనక్కి కట్టుకుని తినే పోటీలో గెందిస్ అందరికంటే ముందుంది. సగం అప్పడం నోట్లో ఉండగానే వదిలేసి ఇంటికి పరుగు.

"గెలిచేదానివి కదే, ఏమొచ్చింది నీకు?"

"నాలుగైంది. అక్క వచ్చేస్తుంది."

అది ఆట తెరుస్తుంది. తోట వస్తుంది. ఒక పక్క చెరువు, ఇంకో పక్క వంగ మొక్కలు. ఎరుపు గౌను బొమ్మ గెందిస్. కాసేపటికి గేటు దగ్గర పొడవాటి జడతో ఇంకో బొమ్మ నిలబడుతుంది. గెందిస్ కుర్చీలోనే ఎగిరి గంతేస్తుంది. సూరబాయాలో వాళ్ళ నాన్న ఇంట్లో ఇంకో కంప్యూటర్ ముందు నా పెద్ద కూతురు కూర్చుని ఉంటుంది. దాని మాటలు ఆకుపచ్చ అక్షరాల్లో వస్తాయి.

ఆ గంటసేపు నేను వంటింటి గడప మీద చిక్కుళ్ళు తరుగుతాను. తరగడానికి చిక్కుళ్ళు లేకపోతే ఉల్లిపాయలు. తెర వైపు చూడను. అది వాళ్ళిద్దరి లోకం, నాకెందుకు?

'మ్మఅ ఉందా?' అని ఉంది ఈరోజు. మా ఊరు మలాంగ్‌లో పిల్లలకి మాటలు తిరగేసి మాట్లాడే సరదా. నేను సోలో ఊరి నుంచి వచ్చినదాన్ని, నాకు అర్థం కాదని వాళ్ళ ధీమా.

గెందిస్ నా వైపు ఓసారి చూసి, 'ఉంది. చిక్కుళ్ళు' అని కొట్టింది.

ఆకుపచ్చ అక్షరాలు ఇంకేం అడగలేదు.

ఆగస్టు 18

ఆదివారం. పిల్లల నాన్న ప్రసోజో ఫోన్ చేసి గెందిస్‌కి ఇమ్మన్నాడు. తర్వాత వెనింగ్ మాట్లాడింది. చివర్లో గెందిస్ ఫోన్ నా చెవికి ఆనించింది.

"బాగున్నారా?" అంది వెనింగ్.

"బాగున్నాను. నువ్వు తింటున్నావా?"

"తింటున్నానండి. ఉంటాను."

మా ఇంట్లో పిల్లలు నన్నెప్పుడూ మీరు అనలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల. బాగా పెంచారు అనుకోవాలి కాబోలు.

ఆగస్టు 19

గల్లీ మొదట్లో కంప్యూటర్లు బాగుచేసే ఉపిక్‌ని పిలిచాను. స్క్రూడ్రైవరు చెవి మీద పెన్సిల్లా పెట్టుకుని వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది, కానీ ఈ గల్లీలో మగాళ్ళందరినీ కసురుతుంది.

"ఇదెంత పనక్కా? ఒకే ఇంటికి రెండు గుమ్మాలు పెడతా. నీ గుమ్మంలోంచి నువ్వు, చిన్నదాని గుమ్మంలోంచి చిన్నది. దాని వైపు నుంచి నీ కాగితాలు కనిపించవు. సరేనా?"

గెందిస్ తన పాస్‌వర్డ్ తనే పెట్టుకుంది. నన్ను అటు తిరగమంది. తిరిగాను.

మనసు తేలికపడి హెర్మావాన్ గారికి ఫోన్ చేసి చెప్పాను. "గుమ్మాలు ఎన్నయినా పెట్టండి, ఇల్లు ఒకటే కదమ్మా. ఆ పెట్టెలో పని తప్ప ఇంకేం ఉండకూడదు" అన్నారు. ఆయన తప్పేం లేదు. అది నా రోగమైతే నేనూ అదే అంటాను.

ఉపిక్ ఇంకా టీ తాగుతోంది. "అయితే తోట ఇందులోంచి తీసేయాలి" అంది.

"తీసేస్తే పోతుందా?"

"ఉత్తినే తీసేస్తే పోతుంది. తోట ఉన్నది ఈ పెట్టెలోనే. ఇది వెలిగితేనే వెనింగ్ కూడా అందులోకి రాగలిగేది. ముందే కాపీ చేసుకుంటే ఇంకో దాంట్లో పెట్టుకోవచ్చు."

"కాపీ చేసుకోవచ్చా?"

"ఎందుకు చేసుకోకూడదు?"

"ఈ మధ్యే వచ్చిందా ఆ సౌకర్యం? లేక ముందునుంచీ ఉందా?"

"కంప్యూటర్లు పుట్టిన కాణ్ణుంచీ ఉందక్కా. ఐదు నిమిషాల పని." నా మొహంలోకి చూసింది. "ఏమైంది?"

పొయ్యి మీద ఏదో పెట్టానని చెప్పి స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాను. ఉపిక్ గ్లాసు కడిగిపెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆగస్టు 20

ఐదు నిమిషాలు.

ఆగస్టు 23

పోయిన ఏడాది జూన్ సంగతి ఎక్కడా రాసుకోలేదు. రాస్తాను.

ఈ తోటకంటే ముందు ఇంకొకటి ఉండేది. ప్రసోజో, వెనింగ్ కలిసి మూడేళ్ళు కట్టారు. బ్లితార్‌లో ప్రసోజో వాళ్ళమ్మ ఇల్లు ఎలా ఉండేదో అచ్చం అలా. వసారా, బావి, బావి పక్కన బియ్యం కడిగే బండ. ఆవిడ పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. ఇక ఆ ఇంటిని చూడాలంటే మిగిలింది ఆటలోనే. మేం విడిపోయి అతను సూరబాయా వెళ్ళాక, వెనింగ్ ఒక్కతే కడుతూ పోయింది.

అప్పుడే నాకు ఆసుపత్రి పని ఎక్కువైంది. కంప్యూటర్ మెల్లగా నడిచేది. డాక్టరు గొంతు మధ్యమధ్య ఆగిపోయేది. వెనింగ్‌ని లేవమంటే, "ఈ ఒక్క గోడ అమ్మా, అయిపోవచ్చింది" అనేది. ఆ గోడ నెల రోజులు అయిపోవస్తూనే ఉంది. ఒకరోజు అది బడికి వెళ్ళాక మొత్తం తీసేశాను. తీసేయమంటారా అని కంప్యూటర్ అడిగింది, అవునన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ అవునన్నాను.

వెనింగ్ ఏడవలేదు. ఖాళీ తెర ముందు చాలాసేపు కూర్చుంది. "అది ఆటే కదే, మళ్ళీ కట్టుకోవచ్చు" అన్నాను. వారం తిరక్కుండా వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. సంచీ తనే సర్దుకుంది.

కంప్యూటర్ మెల్లగా నడిచేది. అందుకే.

ఆగస్టు 26

గెందిస్‌కి జ్వరం. మందు వేసి పడుకోబెట్టాను. నాలుగింటికి "అక్క వస్తుంది, తోట తెరువు" అని గొణిగి నిద్రలోకి జారిపోయింది. ఆ తర్వాత రోజూ నేను చూస్తుండగానే తన గుమ్మం తెరిచేది కాబట్టి పాస్‌వర్డ్ నాకు తెలుసు. తెరిచాను. దానికి ఒంట్లో బాలేదని రెండు ముక్కలు కొట్టి లేచిపోదామనే.

'ఉన్నావా?' ఆకుపచ్చ అక్షరాలు.

'ఉన్నా' అని కొట్టాను.

అంతే. ఆ తర్వాత లేవలేదు.

నడవడం రాదు నాకు. చెట్లకు గుద్దుకున్నాను, చెరువులో పడ్డాను. పొడవు జడ బొమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది.

'ఏంటే ఈరోజు, తాగి వచ్చావా?'

'జ్వరం.'

'అమ్మ మందు వేసిందా?'

'వేసింది.'

'అది నమిలేది కాదు, మింగాలి. నువ్వు నములుతావు, తర్వాత కక్కుతావు. అమ్మకి తెలీదు.'

తెలీదు. నిజంగా నాకు తెలీదు. అన్నిసార్లు ఎందుకు కక్కేదో ఇప్పుడు తెలిసింది. ఏడాదికి పైగా ఇంట్లో లేని పిల్ల చెబితే.

'నీకు అక్కడ బాగుందా?' అని అడిగాను.

పొడవు జడ బొమ్మ గట్టు దిగింది. తర్వాత, 'బాగానే ఉంది. పిన్ని కూరలో చక్కెర ఎక్కువ వేస్తుంది. కానీ నా గదిలోకి వచ్చేముందు తలుపు తడుతుంది' అని వచ్చింది.

ఐదయ్యేదాకా వంగ మొక్కలకు నీళ్ళు పోశాం. నేను ముందు, తను వెనక. లేచేసరికి నడుం పట్టేసింది. పద్నాలుగు నెలల్లో ఇంతసేపు తనతో ఉండటం ఇదే మొదటిసారి.

ఆగస్టు 27

గెందిస్‌కి జ్వరం తగ్గింది. ఒళ్ళు ఇంకా కాస్త వెచ్చగా ఉన్నట్టు నాకు అనిపించింది. థర్మామీటర్లో లేదు. అయినా ఇంకో రోజు పడుకుంటే మంచిదే కదా. జావ కాచి ఇచ్చి, పక్కింటావిడ మనవరాలి బొమ్మల పుస్తకాలు తెచ్చి మంచం మీద పెట్టి, తలుపు దగ్గరగా వేశాను.

నాలుగింటికి కూర్చున్నాను. ఈసారి చెరువులో పడలేదు. పొద్దున గెందిస్ లేవకముందు కాసేపు నడక నేర్చుకున్నాను.

కప్పల గురించి మాట్లాడుకున్నాం. గట్టు మీద పక్కపక్కన కూర్చున్నాం. అప్పుడు ఉన్నట్టుండి అడిగింది.

'నా పాత ఇల్లు అమ్మ ఎందుకు తీసేసిందో తెలుసా?'

'కంప్యూటర్ మెల్లగా నడుస్తోందని.'

'కాదు.'

'మరి?'

'నీకు తెలిస్తే నువ్వే చెప్పు.'

రాశాను, చెరిపాను. పని ఎక్కువ అని రాశాను, చెరిపాను. బయట మాంసం ఉండల పులుసు అమ్మే బక్సో బండివాడు గిన్నె మీద చెంచాతో కొట్టుకుంటూ వెళ్ళాడు. ఆ చప్పుడు గల్లీ చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగేదాకా వేళ్ళు కదల్లేదు.

'కుళ్ళుకుంది' అని కొట్టాను.

బొమ్మ కదల్లేదు. వెళ్ళిపోయిందనుకున్నాను.

'రేపు గెందిస్‌ని కూర్చోబెట్టండి. దానికి జ్వరం తగ్గి ఉంటుంది.'

కుర్చీ వెనక్కి జరిపి, మళ్ళీ ముందుకి లాక్కున్నాను.

'ఎప్పుడు తెలిసింది?' అని మాత్రం కొట్టగలిగాను.

'నిన్ననే. గెందిస్ ఎప్పుడూ నన్ను బాగున్నావా అని అడగదు.'

గేటు దాటి వెళ్ళిపోయింది.

అదే రోజు

23న రాసింది అబద్ధం. కొట్టేయను, ఉండనీ.

కంప్యూటర్ బాగానే నడిచేది. ఆ రోజు నేను ఏదో వెతుకుతుంటే వాళ్ళ ఇల్లు తెరుచుకుంది. వసారాలో బెంచీ మీద రెండు బొమ్మలు కూర్చుని ఉన్నాయి. ఒకటి వెనింగ్, ఇంకొకటి ప్రసోజో. సూరబాయా వెళ్ళాక కూడా అతను రోజూ అక్కడికి వస్తున్నాడు. రోజంతా అదే కుర్చీలో కూర్చుని పనిచేసే నాకు తెలియకుండా, నా కంప్యూటర్లోనే, వాళ్ళకొక ఇల్లుంది. గదులన్నీ వెతికాను. నా బొమ్మ ఎక్కడా లేదు.

కావాలని అడిగి ఉంటే పెట్టేవాళ్ళేమో. అడగడం నాకు తట్టలేదు.

ఆగస్టు 28

గెందిస్ కుర్చీలో కూర్చుంది. ఐదింటికి చిందులు తొక్కుతూ వంటింట్లోకి వచ్చింది.

"నా బొమ్మతో ఆడావా?"

"కొంచెంసేపు."

"నన్ను అడిగావా?"

"లేదు."

"అక్క చెప్పింది, నన్ను చెరువులో పడేశావంట. నా బూట్లన్నీ తడిసిపోయాయి. నీ డాక్టరు మాటల్లో నేను కొడితే నువ్వు తిట్టలేదూ?"

"తిట్టాను."

"మరి?"

క్షమించమన్నాను. రాత్రి అన్నంలోకి గుడ్డు వేపితే క్షమిస్తానంది.

ఆగస్టు 30

మూతపడిన ఒక బడి నుంచి కంప్యూటర్లు పారేస్తుంటే ఉపిక్ నాలుగు తెచ్చుకుంది. అందులో ఒకటి మాకు బాగుచేసి ఇచ్చింది. పక్కన ఎవరో పిల్లాడు తన పేరు గీకాడు. ముందు గదిలో కిటికీ దగ్గర పెట్టాం. గెందిస్ దాని మీద నెమలి బొమ్మ అంటించింది.

ఉపిక్ తోటను కాపీ చేయబోతే, "నేను చేస్తాను, చెప్పు" అన్నాను.

"నీకెందుకక్కా, నేను చేస్తా కదా."

"నేనే చేయాలి."

తెర మీద గీత కొద్దికొద్దిగా నిండుతూ వచ్చింది. గెందిస్ నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది. నిజంగానే ఐదు నిమిషాలు. కొత్తదాంట్లో తెరిచాం. గేటు ఉంది, వంగ మొక్కలు ఉన్నాయి, చెరువులో రెండు కప్పలు ఉన్నాయి. గెందిస్ వేలుపెట్టి ఒక్కొక్కటీ లెక్క చూసుకుంది.

"ఇక పాతదాంట్లోంచి తీసేయనా?" అని అడిగాను.

"అక్కని అడుగు. సగం అక్కది."

"నేను ఫోన్ చేస్తే ఎత్తదు."

"నేను తోటలో చెప్తాలే, ఎత్తమని."

ఆగస్టు 31

పొద్దున తొమ్మిదింటికి చేశాను. మూడోసారి మోగగానే ఎత్తింది.

"కొత్తదాంట్లోకి మార్చాను. పాతదాంట్లోంచి తీసేయాలి. ఆసుపత్రి వాళ్ళు ఈరోజే చూస్తారు. నిన్ను అడగమంది చెల్లి." అప్పుడు, "చెల్లి అనకపోయినా అడిగేదాన్ని" అన్నాను. అది నిజమో కాదో నాకు తెలీదు. నిజమవ్వాలని ఉంది.

"తెరిచి చూశారా?"

"చూశాను."

"అంతా ఉందా? గేటు బయట చిన్న రాళ్ళ కుప్ప ఉంటుంది. అది కూడా?"

"ఆగు, చూస్తాను." వెళ్ళి చూసి వచ్చాను. "ఉంది."

"అయితే తీసేయండి."

అవతల ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. దాని ఊపిరి వినిపిస్తోంది. ఇన్నేళ్ళుగా ఎందరి ఛాతీల గురించో రాస్తున్నాను.

మధ్యాహ్నం హెర్మావాన్ గారు ఫోన్ చేశారు. శుభ్రంగా ఉందమ్మా అన్నారు.

సెప్టెంబరు 4

నా గది ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది. నాలుగింటికి ముందు గదిలోంచి గెందిస్ నవ్వు వినిపిస్తుంది. వంటింటి గడప మీద నుంచి చూస్తే కొత్త కంప్యూటర్ వెనక భాగం, నెమలి బొమ్మ కనిపిస్తాయి. అంతే.

పని ఒకచోట, ఆట ఒకచోట. ఎలా ఉండాలో అలా ఉంది. తప్పు జరిగే వీలే లేదు.

సెప్టెంబరు 5

ఉల్లిపాయలు తరగడం మానేశాను. ఇంట్లో కుప్పలు పడి ఉన్నాయి.

సెప్టెంబరు 11

గెందిస్‌కి జడ వేస్తూ, "తోటలోకి నన్ను కూడా రానిస్తారేమో అక్కని అడుగు" అన్నాను. ఏదో దారినపోయే మాటలా అన్నాను. రెండో జడ వంకరగా వచ్చింది.

సాయంత్రం, "అక్క ఆలోచిస్తానంది."

సెప్టెంబరు 12

ఆలోచిస్తోంది.

సెప్టెంబరు 16

ఇంకా.

సెప్టెంబరు 20

"అమ్మా, అక్క రమ్మంది. కానీ నీ పేరుతోనే రావాలంట. ఇంకోటి, నిన్ను ఏమీ అడగొద్దంది. బాగున్నావా, తిన్నావా, ఏమీ."

"సరే."

"నాలుగూ ముప్పావు నుంచి ఐదు దాకా నీ వంతు. అంతకుముందు నాది. ఐదు దాటితే లేపేస్తాను."

"సరేనే తల్లీ."

బొమ్మను గెందిస్సే తయారుచేసింది. నాకు ముడి పెట్టింది, కళ్ళద్దాలు పెట్టింది. చెవులకు డాక్టరు మాటలు వినేది కూడా పెట్టింది. "అది తీసెయ్యి" అన్నాను. "అది లేకపోతే నువ్వని ఎలా తెలుస్తుంది?" అంది. నేను ఆ బొమ్మ వైపు చూస్తూ ఉంటే, ఏమనుకుందో, తనే తీసేసింది.

సెప్టెంబరు 23

మొదటిరోజు. గేటు దగ్గర నిలబడ్డాను. వెనింగ్ వచ్చి రాళ్ళ కుప్ప చూపించింది.

'వీటిని అక్కడికి మొయ్యండి.'

మోశాను. ఒకసారికి ఒక్క రాయే వస్తుంది. పావుగంటలో పదకొండు.

సెప్టెంబరు 27

తెజో గారి మాటలు నాలుగూ నలభైకల్లా ముగించి, చేతులు కడుక్కుని వెళ్తున్నాను. ఎందుకు కడుక్కుంటున్నానో తెలీదు. రాళ్ళు మోస్తున్నాను. ఏం కడుతోందో అడగకూడదు. ఈరోజు పక్క నుంచి వెళ్తూ, 'ఎడమ పక్క నుంచి రండి, మొక్కలు తొక్కుతున్నారు' అంది. మూడుసార్లు చదువుకున్నాను.

అక్టోబరు 3

నాలుగు గోడలు లేచాయి. చిన్న గది. బ్లితార్ ఇల్లు కాదని తెలిసిపోయింది, అక్కడ ఇంత ఇరుకు గది లేదు. రాళ్ళు మోస్తూ బయటి నుంచే చూశాను. గోడ వారగా మంచం పెట్టింది. ఇంకో వైపు రెండో మంచం, కురచది. నడుమ ఒక మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టనంత సందు.

మా ఇంట్లో పిల్లల గది.

రాయి చేతిలో ఉండగానే నిలబడిపోయాను. "కదులు, నీ టైం అయిపోతోంది" అంది గెందిస్ వెనక నుంచి.

అక్టోబరు 8

ఈరోజు గోడలో ఒకచోట ఖాళీ వదిలి, దాని ముందు నిలబడి ఉంది వెనింగ్. నేను రాయి దించి నిలబడ్డాను.

'నా మంచం పక్కన కిటికీ. లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? మర్చిపోయాను.'

నాకూ గుర్తు రాలేదు. ఉన్న ఇల్లే, రోజూ ఊడ్చే గదే. అది వెళ్ళాక ఆ కిటికీ నేను తెరవలేదు. 'ఉండు' అని కొట్టి లేచి పిల్లల గదిలోకి వెళ్ళాను. గడియ బిగుసుకుపోయింది. పచ్చడి రాతి పొత్రంతో కొడితే వదిలింది. తలుపు రెక్క బయటికి తెరుచుకుని పక్కింటి జామచెట్టు కొమ్మకు తగిలింది. వెలుతురు తిన్నగా వచ్చి మంచం మీద పడింది. ఆ దుమ్ములో కాసేపు నిలబడ్డాను.

వచ్చి కూర్చున్నాను. 'బయటికి. జామకొమ్మ అడ్డం ఉంది' అని కొట్టాను.

'ఆ కొమ్మని ఇంకా కొట్టలేదా?'

'లేదు.'

ఐదైంది. గెందిస్ నన్ను లేపలేదు. కుర్చీ వెనక నిలబడి నాతోపాటు చదువుతోంది.

ఏమీ అడగనని మాటిచ్చాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

'నేను వచ్చి చూస్తే?' అని వచ్చింది.

నా వేళ్ళు ఏ అక్షరం మీద పడ్డాయో తెలీదు. అర్థంలేనిదేదో వెళ్ళింది. గెందిస్ నన్ను పక్కకు నెట్టి, 'మ్మఅ ఏడుస్తోంది. రా' అని కొట్టేసింది.

అక్టోబరు 11

ప్రసోజో ఫోన్ చేశాడు. "రేపు పొద్దున రైలెక్కిస్తాను. పదకొండింటికి వస్తుంది. దాన్ని ఏమీ అడక్కు, తనే చెబుతుంది."

"నాకు తెలుసు."

ఫోన్ పెట్టేముందు, "నీకూ ఆ పాత ఇంటి వసారాలో బెంచీ వేద్దామని అది నాతో అనేది" అన్నాడు. "నేనే నవ్వేశాను, మీ అమ్మకి తీరికెక్కడిదని."

నాకు కోపం రావాలి. రాలేదు. అతను చెప్పింది కూడా అబద్ధం కాదు.

అక్టోబరు 12

తొమ్మిదికే స్టేషన్లో ఉన్నాను. గెందిస్ మూడుసార్లు దాహం అంది.

వెనింగ్ నా భుజం దాటి పెరిగింది. సంచీ నేను తీసుకోబోతే ఇవ్వలేదు, కాసేపు నడిచాక ఇచ్చింది. ఇంటికి రాగానే చెప్పులు విప్పి తిన్నగా తన గదిలోకి వెళ్ళి కిటికీలోంచి చెయ్యి చాచి జామకొమ్మను పట్టుకుంది. నేను గడప బయటే ఆగి తలుపు తట్టాను.

"రా అమ్మా, తీసే ఉంది కదా" అంది.

చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి, రాసి కూడా పెట్టుకున్నాను. "నీ ఇల్లు తీసేశాను" అని మాత్రం అన్నాను. "తప్పు చేశాను. కంప్యూటర్ బాగానే నడిచేది."

వెనింగ్ ఆకు ఒకటి తుంచి చాలాసేపు నలిపింది. "నాన్నమ్మ వంటింట్లో అలమర ఏ రంగో ఇప్పుడు నాకు గుర్తులేదమ్మా. అది చూద్దామంటే ఇంకెక్కడా లేదు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తను దగ్గరికి జరగలేదు. దూరమూ జరగలేదు.

అన్నం తిని మధ్యాహ్నమంతా పడుకుంది. దాని పక్కనే గెందిస్. ఈరోజు ఎవరూ తోట తెరవలేదు.

అక్టోబరు 13

సాయంత్రం రైలు. రేపు బడి ఉంది. మళ్ళీ ఎప్పుడని నేను అడగలేదు. డిసెంబరు సెలవుల్లో కొన్నాళ్ళు ఉంటానని తనే అంది. కొన్నాళ్ళంటే ఎన్నో అదీ అడగలేదు. రైలు కదిలాక గెందిస్ ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తింది. నేను పరుగెత్తే వయసులో లేను. అయినా కొంతదూరం పరుగెత్తాను.

అక్టోబరు 14

సోమవారం దుప్పట్లు ఉతుకుతాను. గెందిస్ దుప్పటి, నాది ఉతికి ఆరేశాను. వెనింగ్ దిండు మీద పొడవాటి వెంట్రుక ఒకటి ఉంది. ఆ మంచం జోలికి పోలేదు.